గాదె, పాతర, అలమార: పావగడ సీమ వంటింటి చరిత్ర

విద్య కోసమో, ఉద్యోగం కోసమో, వ్యాపారం కోసమో మన తెలుగువారు సొంత ఊళ్లు విడిచి ఎంత దూరం వచ్చినా, వెంట తెచ్చుకొన్న వాటిలో మొదటిది వంట. పిల్లలు అక్షరాలు మరచినా పప్పుచారు వాసన మరువరని మన సభలలో పెద్దలు చెప్పుకొని సంతోషిస్తూ ఉంటారు. ఆ సంతోషం సమంజసమే. అయితే వంటతోపాటు తెచ్చుకోవలసినది మరొకటి ఉన్నది. దినుసులను ఇంట నిలువ చేసే పద్ధతి, నిలువ చేసినదానిని సకాలంలో వాడి ఖాళీ చేసే పద్ధతి. ఇందులో మొదటి సగాన్ని మనము భద్రంగా తెచ్చుకొన్నాము. రెండవ సగం తోవలో ఎక్కడో జారిపోయింది. ఆ జారిపోయినదాని చరిత్రను కొంత ఈ ఉగాది సంచికలో పాఠకులకు మనవి చేయదలచినాము.

ఇందుకు మేము తీసికొన్న సీమ కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకా. అందులో మంగళవాడ ఒక గ్రామము. పటం విప్పి చూస్తే ఈ తాలూకా ఆంధ్రదేశం ఒడిలోనికి చొచ్చుకొని వచ్చినట్లు కనబడుతుంది. ఇటు హిందూపురం, మడకశిర, అటు కల్యాణదుర్గం. బడిలోను, కచేరీలోను కన్నడం. ఎన్నో ఇళ్లలో తెలుగు. 1799లో శ్రీరంగపట్టణం పడిపోయి టిప్పుసుల్తాను మరణించిన తరువాత ఆయన రాజ్యాన్ని పంచుకొన్నారు. అనంతపురం, బళ్లారి ప్రాంతాలు నిజాము వాటాకు పోయి, 1800లో ఆయన చేతినుండి కుంఫిణీవారికి దత్తమైనవి. పావగడ మాత్రం మైసూరు ఒడయర్ల రాజ్యంలో నిలిచింది. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినపుడును, 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినపుడును ఆ గీత అట్లే ఉండిపోయింది. మనము ఊరు కదిలి పొరుగు రాష్ట్రానికి వచ్చినాము. వారు ఊరు కదలకుండానే పొరుగు రాష్ట్రంలో ఉన్నారు. కాబట్టి వారి ఇంటి కథ మన ఇంటి కథకు దగ్గర చుట్టము.

గీత ఎక్కడ ఉన్నా పొయ్యిమీది ఎసరు ఒక్కటే. హిందూపురంలో తిన్న రాగిసంకటే పావగడలోను తిన్నారు. అనపగింజల పులుసు, పితికిపప్పు, ఉలవచారు, కొర్రన్నం, చెనిక్కాయల ఊరిబిండి రెండు వైపులా ఒక్కటే. ఇందుకు కారణం నేల, వాన. ఇది వానచాటు సీమ. ఉత్తర పినాకిని ఈ తాలూకాలో ప్రవహిస్తుందని భూగోళ పుస్తకాలు చెబుతాయి గాని, ఏడాదిలో ఎక్కువ కాలం చూడబోయిన వారికి కనబడేది ఇసుకే. పన్నెండు, పదమూడు శతాబ్దాలలో నిడుగల్లు కొండ మీదినుండి చోళులలో ఒక శాఖవారు ఏలిన కాలం మొదలు నేటివరకు, ఇక్కడి సంసారి ముఖ్య సమస్య ఒక్కటే: పండిన ఏటి పంటను పండని ఏటి దాకా ఎట్లు నిలుపుకోవడం?

సమాధానం మొదట చేనిలో ఆరంభమయ్యేది. రాగిచేనిలో కొన్ని సాళ్లకు ఒక సాలు చొప్పున అనుములు, కందులు, అలసందలు, ఆముదాలు కలిపి వేసేవారు. కన్నడంవారు దానిని అక్కడిసాలు అంటారు. వాన తొందరగా వెళ్లిపోతే ఒకటి పోయినా మరొకటి దక్కేది. ఒకే చేనినుండి తిండిగింజ, పప్పు, దీపానికి నూనె ఇంటికి చేరేవి. ఈనాడు మనము సమతులాహారం అని పెద్ద మాట వాడుతున్నామే, అది ఆ కాలంలో నాగటిచాలులోనే ఏర్పాటై ఉండేది. ఇంటి నిలువలో ఏముండాలో దుకాణదారు నిర్ణయించలేదు, చేను నిర్ణయించింది.

పండినదానిలో రాగికి అగ్రస్థానం. అందుకు రుచి ఒక్కటే కారణం కాదు. రాగిగింజ మిక్కిలి చిన్నది. బియ్యానికి, జొన్నకు పట్టే ముక్కపురుగు గింజ లోపల గుడ్డు పెట్టి పెరుగుతుంది. రాగిలో ఆ పురుగు పిల్లకు చోటే చాలదు. ఆరబెట్టి దాచిన రాగి ఏళ్ల తరబడి చెడదు. ఈ సంగతి కవులకు కూడ తెలుసు. పదునారవ శతాబ్దపు కన్నడ భక్తకవి కనకదాసు 'రామధాన్య చరితె' అనే కావ్యం వ్రాసినారు. అందులో వరికి, రాగికి ఎవరు గొప్ప అని తగవు వస్తుంది. రాముడు రెండింటిని ఆరు మాసాలు చెరలో ఉంచమంటాడు. గడువు తీరి చూస్తే వరి చివికిపోయి ఉంటుంది, రాగి చెక్కుచెదరక ఉంటుంది. రాముడు రాగికి తన పేరే ఇస్తాడు. కులీనుల అన్నానికి, బీదల సంకటికి మధ్య తీర్పుగా ఈ కథను పండితులు వ్యాఖ్యానిస్తారు. మేము దీనిని మరొక విధంగా కూడ చదువుతాము: ధాన్యాలకు పెట్టిన పరీక్ష నిలువ పరీక్ష. కరువుసీమ కవికి తప్ప మరొకరికి ఆ పరీక్ష తోచదు.

పాత మైసూరు రాజ్యపు మెట్టపల్లెలలో రాగిని పాతరలలో దాచేవారు. కన్నడంలో వాటిని హగేవులు అంటారు. టిప్పు మరణించిన మరుసటి ఏడు, 1800లో, కుంఫిణీవారి ఆజ్ఞపై ఈ దేశమంతా తిరిగి చూచిన ఫ్రాన్సిస్ బుకానన్ అనే వైద్యుడు ఈ పాతరలను గూర్చి వ్రాసినాడు. ఆయన యాత్రాగ్రంథం 1807లో లండనులో అచ్చయింది. గట్టినేలలో మూతి సన్నగాను, లోపల విశాలంగాను త్రవ్వి, గోడలను గడ్డితో కప్పి, రాగి నింపి, మూతిని రాతితోను మట్టితోను మూసేవారు. ఇందులోని యుక్తి ఏమనగా, లోపలి గింజ తానే ఊపిరి పీల్చి ఉన్న ప్రాణవాయువును ఖర్చు చేస్తుంది. బొగ్గుపులుసు గాలి నిండుకొంటుంది. పురుగుకు బ్రతుకు ఉండదు. ఆ గాలి మనిషికి కూడ ప్రాణాంతకమే. అందువల్లనే పాతర తెరిచిన వెంటనే దిగేవారు కారు. కొంతసేపు గాలి పారనిచ్చి, దీపం దించి చూచి, అది ఆరకపోతేనే మనిషిని దించేవారు.

పాతర కరువునాటికి. ఏటి ఖర్చుకు గాదె, నెల ఖర్చుకు బానలు, నాటి ఖర్చుకు చేట. కుండలు దొంతిగా పేర్చి, ఒక్కొక్కదానిలో ఒక్కొక్క దినుసు. కందులకు ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టేవారు. పప్పుకు చేయి ఆముదం రాసేవారు. విత్తనాలలో బూడిద, గింజలలో ఎండు వేపాకు వేసేవారు. ఇవి మనలో చాలమందికి తెలిసినవే. అంతగా గుర్తు లేనిది రెండవ సగం, అంటే ఖాళీ చేయడం.

ఆ ఇళ్లలో అడుగున ఉన్నది పైకి వచ్చిన తరువాతనే క్రొత్తది లోనికి పోయేది. ధాన్యం నూర్పిళ్లకు ముందు గాదె అడుగు ఊడ్చి, పేడతో అలికి, ఎండనిచ్చేవారు. పాత గింజ మిగిలితే జీతగాళ్లకు, ఇరుగుపొరుగుకు, పశువులకు పంచేవారు. భోగినాడు పాతసామాను మంట పాలయ్యేది. ఉగాదికి ఇల్లు సున్నం కొట్టి, కుండలు మార్చేవారు. ఉగాది పచ్చడిని ఒకసారి ఈ దృష్టితో చూడండి. చెట్టున అప్పుడే దిగిన క్రొత్త చింతపండు, ఆ ఏటి క్రొత్త బెల్లం, మామిడి పిందె, వేపపువ్వు, వాటికి క్రొత్తకుండ. షడ్రుచుల తత్త్వం అందరూ చెప్పేదే. దానితోపాటు పచ్చడి ఒక ప్రకటన కూడ: ఈ ఇంట పాతనిలువ చెల్లిపోయింది, క్రొత్తనిలువ మొదలైంది అని. ఆ తరువాత ఎండలు ముదిరితే కారం దంపుళ్లు, ఆవకాయ, వడియాలు.

ఈ ఏర్పాటు ఎంత అవసరమో 1876లో తేలింది. అది ధాత నామ సంవత్సరం. ఆ ఏడు వానలు లేవు. అంతకుముందు ఏటి పంట కూడ అంతంతమాత్రమే. పాతరలు తెరిచినారు. ఉన్నవారి పాతరలు కొన్నాళ్లు ఆదుకొన్నవి. లేనివారికి అవీ లేవు. ఈశ్వర సంవత్సరం కూడ అట్లే గడిచింది. బహుధాన్య వచ్చేసరికి, అంటే 1878కి, కరువు తగ్గుముఖం పట్టింది గాని, ఆ పేరు వినడానికి మిగిలినవారెందరు? 1871 జనాభా లెక్కలలో మైసూరు రాజ్యపు జనసంఖ్య 50 లక్షల 55 వేలు. 1881 లెక్కలలో 41 లక్షల 86 వేలు. పదేళ్లలో పెరగవలసిన జనం దాదాపు 9 లక్షలు తరిగినారు. అదే కరువు ఇటు రాయలసీమను కూడ కాల్చివేసింది. ధాత కరువు అనే మాట పెద్దల నోట తరాలపాటు నిలిచింది. రైలుమార్గం బెంగుళూరికి 1864లోనే వచ్చింది. దేశంలో ధాన్యం పూర్తిగా లేకపోలేదు. మద్రాసు రేవునుండి ఓడలలో ఎగుమతి కూడ జరిగింది. కొనే శక్తి లేనివారి ఇంటికి ఆ ధాన్యం చేరలేదు. ఇంటిలో గింజ, ఊరిలో పని, దొరతనంలో దయ, ఈ మూడింటిలో ఏ ఒక్కటీ లేని సంసారాలు రోడ్డు పాలైనవి.

ఆ కరువులోనే మన వంటింటికి సంబంధించిన మరొక వాదం నడిచింది. సహాయపు పనులలో కష్టపడే మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే 454 గ్రాములు, దానిపై కొద్దిపాటి రొక్కం చాలునని 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించినాడు. మద్రాసు ప్రభుత్వపు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ దీనిని ఎదిరించినాడు. వట్టి గింజ మనిషిని నిలపదు, పప్పు, కూర కూడ కావాలని ఆయన వాదం. చివరకు ఆ కొలత పెంచవలసి వచ్చింది. మనిషికి కడుపు నిండితే చాలదు, నిండినది ఏమిటో కూడ చూడాలి అన్న చర్చ మన దేశంలో దొరతనం కాగితాల మీద ఇట్లు పీనుగుల నడుమ జరిగింది.

ఆ చర్చను తరువాత శాస్త్రజ్ఞులు అందుకొన్నారు. 1918లో నీలగిరులలోని కూనూరులో మెక్కారిసన్ ఒక చిన్న పరిశోధనశాల స్థాపించినాడు. దేశంలో ఒక్కొక్క ప్రాంతపు జనులు తినే తిండిని ఎలుకలకు పెట్టి చూస్తే, గోధుమరొట్టె, పాలు, పప్పు, ఆకుకూర తిన్నవి పుష్టిగా పెరిగినవి. తెల్లబియ్యం ప్రధానంగా తిన్నవి వెనుకబడినవి. ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు మారింది. 1969నుండి జాతీయ పోషకాహార సంస్థ అనే పేరుతో తార్నాకలో పనిచేస్తున్నది. ఆ సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారం నూరు గ్రాముల రాగులలో సున్నపు ధాతువు 364 మిల్లీగ్రాములు. మరపట్టిన తెల్లబియ్యంలో పదికి లోపే. సంకటి తిన్నవాని ఎముక గట్టిదన్న మాటకు ఆధారం లేకపోలేదన్నమాట.

మరి ఇంత మంచి నిలువ ఎందుకు చెదిరింది? తప్పు ఏ ఒక్కరిది కాదు. ఒక్కొక్క మార్పు ఒక్కొక్క మేలుతో వచ్చింది. 1937లో డాల్డా వచ్చింది. నేయి కొనలేనివారికి అది పండుగ. నూనె అయిపోయిన తరువాత ఆ పసుపుపచ్చ డబ్బా ఇంటిలో పప్పు డబ్బాగా స్థిరపడింది. కుండల దొంతిని మొదట కదిలించినది ఆ రేకుడబ్బాయే అని చెప్పవచ్చు. అందులో ఉండిన గట్టిపరచిన నూనె గుండెకు చేటని లోకానికి తెలిసేసరికి చాలకాలం పట్టింది. మన దేశంలో వంటనూనెలలో ఆ చెడుకొవ్వు నూటికి రెండుకు మించరాదనే నిబంధన 2022 జనవరిలో అమలులోనికి వచ్చింది.

తరువాత చెనిక్కాయ. దక్షిణ అమెరికానుండి వచ్చిన ఈ పంట ఇరవయ్యవ శతాబ్దంలో అనంతపురం, పావగడ మెట్టలను ఆక్రమించుకొన్నది. చేతికి డబ్బు వచ్చింది. దానితో రాగి, కొర్ర, అనుముల సాళ్లు తగ్గినవి. చేను దుకాణానికి పండడం మొదలుపెట్టింది, ఇల్లు దుకాణంలో కొనుక్కోవడం మొదలుపెట్టింది. సరిహద్దుకు ఇవతల 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. అన్నం పండుగనాటి వంటగా ఉన్న ఇళ్లలో అది ప్రతిదినం ఉడికింది. ఆకలి తగ్గింది; ఆ మేలును తక్కువ చేయరాదు. కాని గాదె అవసరం తీరిపోయింది. ఈ మధ్య, 2018 మొదలు, పావగడ తాలూకాలో తిరుమణి చుట్టుపట్ల 13 వేల ఎకరాలలో సూర్యకాంతితో విద్యుత్తు తీసే పలకలు పరిచినారు. చేలు కౌలుకు పోయినవి. ఏటేటా కౌలు డబ్బు వస్తున్నది. వాన కోసం ఆకాశం చూచిన నేల ఇప్పుడు ఎండను పండిస్తున్నది. ఆ ఇళ్ల అలమారలలో కూడ ఇక దుకాణపు పొట్లాలే.

ఇక మన ఇళ్ల సంగతి. మన అవ్వలు కరువును చూచినవారి బిడ్డలు. ఇంట నిలువ లేకపోతే వారికి నిద్ర పట్టేది కాదు. ఆ భయం మనకు వారసత్వంగా వచ్చింది. ఊరినుండి వచ్చేటప్పుడు పెట్టెలో పొడులు, పచ్చళ్లు, వడియాలు. ఇక్కడ తెలుగు దుకాణం కనబడితే పది కిలోల మూట. నిలువ చేసే చేయి అట్లే ఉన్నది, ఊడ్చే చేయి ఆగిపోయింది. మూడేళ్లనాటి కారం, రంగు మారిన పల్లీలు, ఎవరో తెచ్చిన మిఠాయి డబ్బా, తీయని బిస్కత్తులు, ఉప్పుతిళ్లు అలమార వెనుక వరుసలో పేరుకొంటున్నవి. చేతికి అందేది ముందు వరుస; ముందు వరుసలో ఉండేది పొట్లం తిండి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్న సామెత ఇట్లు కూడ నిజమవుతుంది. పూర్వం ఖాళీ గాదె ప్రాణం తీసింది. ఇప్పుడు నిండు అలమార నెమ్మదిగా అదే పని చేస్తున్నది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైన. దూరదేశాలలోని మనవారికి కూడ ఈ బెడద తక్కువ కాదు.

అందుచేత మంగళవాడ వంటి ఊళ్ల పాత కట్టడిలోనుండి మన అలమారకు పనికివచ్చే నాలుగు మాటలు ఇక్కడ చెబుతాము.

మొదటిది, అడుగుది పైకి. క్రొత్త పొట్లం వెనుక పెట్టి, పాతది ముందుకు జరపాలి. డబ్బాపై కొన్న నెల వ్రాసి అంటించాలి. ఏడాదికి రెండుసార్లు, సంక్రాంతికి ఒకసారి, ఉగాదికి ఒకసారి, అలమార మొత్తం దించి చూడాలి.

రెండవది, పొట్టుతో దాచడం, కావలసినప్పుడు దంచుకోవడం. కొర్ర, సామ గింజలను పెద్దలు పొట్టుతోనే నిలువ చేసినారు. పొట్టు తీస్తే లోపలి నూనెకు గాలి తగిలి కమరు వాసన వస్తుంది. సజ్జపిండి మరీ త్వరగా చెడుతుంది. దుకాణంలో మనకు దొరికేది పొట్టు తీసిన గింజే కనుక, కొద్దికొద్దిగా కొని, చల్లని పెట్టెలో ఉంచడం మేలు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా పాటించిన తరువాత ఇవి గొప్పవారి తిండి కూడ అయినవి. చక్కెర కలిపిన రాగి బిస్కత్తుకు మాత్రం రామధాన్యం అన్న పేరు చెల్లదు.

మూడవది, చెడినదానిపై మమకారం కూడదు. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా సీమకోళ్లు ఉన్నట్టుండి చనిపోయినవి. కారణం వెదికితే మేతలోని చెనిక్కాయ పిండికి పట్టిన బూజు అని తేలింది. ఆ విషం కాలేయాన్ని చెరుపుతుంది. వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. ముడుచుకొన్న పల్లీలు, రంగు మారినవి, చేదుగా తగిలేవి ఏరి పారవేయడం దుబారా కాదు. పురుగు పట్టిన పప్పును చెరిగి వాడుకోవచ్చు గాని, బూజు పట్టినదానిని చెరిగి లాభం లేదు.

నాలుగవది, అక్కడిసాలు. చేనిలో రాగి పక్క అనుము ఉండినట్లు అలమారలో కూడ ఒక గింజకు ఒక పప్పు తోడుండాలి. రాగికి ఉలవలు, బియ్యానికి పెసలు, జొన్నకు శనగలు. చేతికందే వరుస వీటిది. ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్నవాటికి అటక మీద చోటు. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములకు లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన పచ్చడిజాడీ ఎంత ప్రియమైనదైనా, ఆ లెక్కలోనికి అది కూడ వస్తుంది.

ఇల్లాలి మీద మరొక బరువు మోపడం మా ఉద్దేశం కాదు. ఆనాడు పాతర దిగినవాడు మగవాడే; గాదె అలికినది ఆడది; వేపాకు దూసి తెచ్చినది పిల్లలు. అలమార పని కూడ ఇంటిల్లిపాదిది కావాలి. పిల్లలచేత డబ్బాలపై పేర్లు తెలుగులో వ్రాయించితే రాగులు, కొర్రలు, అనుములు, ఉలవలు అన్న మాటలు వారికి తెలిసివస్తాయి. కరువు కథ అప్పుడే చెప్పవచ్చు. మిగిలిన మంచి దినుసులను చెడకముందే ఇరుగుపొరుగుకు, అన్నదానం చేసే చోటుకు ఇవ్వవచ్చు. అది కూడ పాత ఆచారమే.

ఈ ఉగాదికి పచ్చడి కలిపే ముందు మన సభ్యులందరు ఒక పూట అలమార తలుపులు తెరచి, వెనుక వరుస వెలుగులోనికి తీయవలసిందిగా కోరుతున్నాము. కడిగి ఆరబెట్టిన డబ్బాలో మొదట పోసేది ఒక సేరు రాగులు కావాలని మా ఆకాంక్ష. అందరికి నూతన సంవత్సర శుభాకాంక్షలు.